నాలో లేని దయ్యాన్ని వెళ్లగొట్టిన ఆదివారాలు

సహోదరులారా, బడి మానేసిన బిడ్డ కోసం మోకరించే ముందు, ఎందుకు మానేశావని ఆ బిడ్డనే అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మీలో ఎందరు ఆగారు?

నన్నెవరూ అడగలేదు. చొప్పదండిలో తొమ్మిదో తరగతి చదువుతూ నేను బడికి పోనని భీష్మించినప్పుడు ఫోన్ పిచ్చి అన్నారు, బద్ధకం అన్నారు, చివరికి మన సంఘ పెద్దలు ఆరాధనలో నా పేరు చదివి, అందరి ముందు మోకరింపజేసి, "ప్రభువా, గీ పిల్ల లోపలున్న సోమరి దయ్యాన్ని ఎల్లగొట్టు!" అని బిగ్గరగా ప్రార్థించారు. ఆ ప్రార్థన సోమవారానికల్లా బడికి చేరింది! ధైర్యం చేసి వెళ్తే, "గిదేనే, దయ్యం ఇడువని పోరి!" అని తోటివాళ్లు నవ్వారు. బాపు విసిగి, "ఇగ సదువు సాలు, రేపటిసంది పత్తి ఏర పో" అన్నాడు.

నా బాధ నత్తి. పాఠం చదవమని సారు నిలబెట్టినప్పుడల్లా మొదటి మాట దగ్గరే గొంతు పట్టేసేది, తరగతి పగలబడి నవ్వేది. "ప్రభువా, నీవైనా నన్ను అడుగు" అని ఏడ్చాను.

ఆయన అడిగించాడు! కరీంనగర్ నుండి మా బడికి వచ్చే పిల్లల మనస్తత్వ నిపుణురాలు, ఒక ముస్లిం సోదరి, మా ఇంటికొచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఫికర్ చెయ్యకు బేటా, నిమ్మళంగ చెప్పు. నాకేం జల్దీ లేదు."

చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె నా బదులు ఒక్క మాటా అందించలేదు. తర్వాత బాపుతో, "పిల్లలు చదువంటే ఇష్టం లేక బడి మానరు, అన్నా. రోజూ నలుగుర్ల సిగ్గుపోతుంటే తట్టుకోలేక, రోజుకింత దూరమైతరు. మనకు బడి మానిన ఆఖరి దినమే కనవడ్తది" అన్నారు. నావైపు తిరిగి, "నత్తి రాని జాగ ఏదన్న ఉన్నదా?" అని అడిగారు.

"చర్చిల... అందరితోని కీర్తన చదివినప్పుడు రాదు, మేడం."

పాస్టరయ్య ఒక వచనం, సంఘం ఒక వచనం చదువుతాము కదా, అందులో నా నోరు ఎన్నడూ ఆగలేదు! మేడం సారుతో మాట్లాడారు. ఆ తర్వాత తరగతంతా కలిసి పాఠం చదివింది, వాళ్లతో నేనూ చదివాను, బాపు మళ్లీ పత్తి మాట ఎత్తలేదు.

ఇప్పుడు కళాశాల వక్తృత్వ పోటీల్లో మాట్లాడుతున్నాను. నత్తి ఉంది, భయం లేదు. దేవునికే మహిమ! మన మాట పూర్తయ్యేదాకా ఓపికతో వినే దేవుడాయన, నమ్మండి.

అయినా పోయిన ఆదివారం ఇదే వేదిక మీద మరో బిడ్డ పేరును సోమరి అంటూ చదివారు, నా ఒళ్లు మండిపోయింది! ఈ రోజు ఆరాధన కాగానే ఆ ఇంటికి వెళ్లండి. ముందు అడగండి. జవాబు ఎంత ఆలస్యమైనా, మధ్యలో ఆమెన్ అనకండి.