నీళ్లకు పోయే రంగు

స్టేడియం వీధిలో ఆయన్ని అందరూ ఒంపుల మాస్టారు అనేవారు. బళ్లో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, దుకాణాల మీద పేర్లు రాసే మనిషి. ఏ అక్షరాన్నీ తిన్నగా ముగించడం ఆయనకు చేతకాదు. చివర్లో ఓ చిన్న ఒంపు తిప్పితేగానీ కుంచె గోడను వదిలేది కాదు. ఆ ఒంపు చూసి, కింద సంతకం లేకపోయినా, ఇది మాస్టారి చెయ్యి అని ఎవరైనా చెప్పేసేవారు.

ముప్పై ఎనిమిదేళ్లు రాశాడు. రంగులు కలిపేది భార్య. ఆయన ఎరుపు అంటే అది ఏ ఎరుపో, నీడ పడే గోడకా ఎండ కొట్టే షట్టరుకా అని అడిగి మరీ కలిపేది. "రాసింది మీరే, కనబడేది నా రంగు" అని దెప్పేది. ఊళ్లో మిగతా వీధులన్నీ ఎప్పుడో మిషను మీద అచ్చేసిన ఫ్లెక్సీ బోర్డులకు మారిపోయాయి. ఈ ఒక్క వీధి మాత్రం మాస్టారిని వదల్లేదు. కళ్లజోళ్ల షాపు, మంగలి షాపు, తాళాలు చేసే దుకాణం, మందుల షాపు, చివర సైకిళ్లు బాగుచేసే చెల్లెమ్మ షెడ్డు.

ఆమె సొంత చెల్లెలేం కాదు. ఆమె భర్త మాస్టారికి స్నేహితుడు. అతను పోయాక ఆమే పానాలు పట్టుకుని షెడ్డు నడుపుకొస్తోంది. షట్టరు మీద ఎర్రటి అక్షరాల్లో అతని పేరు, పేరు పక్కన పన్నెండు పుల్లల చక్రం. ఆ పేరు రాసిన రోజున స్నేహితులిద్దరూ పుల్లలు ఎన్ని ఉండాలని గంటసేపు వాదించుకున్నారు. నిజం సైకిలుకు ముప్పై ఆరుంటాయని అతను, అన్ని గీస్తే చక్రం కాదు జల్లెడవుతుందని ఈయన.

ప్రపంచ పోటీలు ఆ స్టేడియానికి వస్తున్నాయని తెలిసినప్పుడు వీధి వీధంతా సంబరపడింది. మంగలి అయితే రెండు కుర్చీలు కొత్తవి తెప్పించాడు. పోటీలకు నెల ముందు మునిసిపాలిటీ వాళ్లు బడి హాల్లో మీటింగు పెట్టారు. వచ్చిన ఆఫీసరమ్మ చిన్న వయసుది, మర్యాద తెలిసిన మనిషి. గొంతు పెంచకుండా చెప్పింది. స్టేడియం చుట్టూ కిలోమీటరు లోపల, పోటీలకు డబ్బు కట్టిన కంపెనీల పేర్లు తప్ప మరే పేరూ కనబడకూడదు. టీవీలో పొరపాటున కూడా పడకూడదు.

"అమ్మా, నా కళ్లజోళ్ల షాపు టీవీలో పడితే ఆ కంపెనీలకు చూపు పోతుందా?" అన్నాడు కళ్లజోళ్లాయన. హాలంతా నవ్వింది.

ఆఫీసరమ్మా నవ్వింది. "నేను పెట్టిన రూలు కాదండీ. ఒప్పందంలో ఉంది. బోర్డులు మీరే తీసెయ్యండి. గోడల మీదా షట్టర్ల మీదా రాసినవి మా కాంట్రాక్టరు మిషనుతో గీకించేస్తాడు. ఒప్పుకోని షాపులకు పోటీలయ్యే దాకా సీలు వేస్తాం."

నవ్వు ఆగిపోయింది. వెనక బెంచీలో కూర్చున్న మాస్టారు లేచి నిలబడ్డాడు. అంతమందిలో మాట్లాడే అలవాటు లేదు ఆయనకు.

"గీకడం ఎందుకమ్మా? నేనే కప్పేస్తాను. నీళ్ల రంగుతో. కనబడకపోతే చాలు కదా మీకు?"

"చాలు" అంది ఆమె. కాగితం మీద సంతకం పెట్టించుకుంది.

బయటికొచ్చాక అందరూ ఆయన్ని చుట్టుముట్టారు. మాస్టారు ఒక్కొక్కరికీ ఓపికగా చెప్పాడు. కింద నా రాత నూనె రంగు, పైన వేసేది సున్నం, అందులో చిటికెడు జిగురు. పోటీలైన మర్నాడు బకెట్టుడు నీళ్లు కొట్టండి, మీ పేరు మీ దగ్గరికొస్తుంది. మాటిస్తున్నాను.

ఆ రాత్రి భోజనం దగ్గర భార్య అంది: "మాటిచ్చేముందు నన్నొక్క ముక్క అడిగుండాల్సింది."

"ఎందుకు? నీళ్లకు పోదా?"

"పోతుంది. అదే నా భయం."

ఆమె ఏమంటోందో ఆయనకు అప్పుడు ఎక్కలేదు.

కప్పడానికి పది రోజులు పట్టింది. రాయడం కన్నా కప్పడమే కష్టంగా ఉంది ఆయనకు. సైకిలు షెడ్డు చివరికి పెట్టుకున్నాడు. చెల్లెమ్మ ముక్కాలిపీట వేసుకుని పక్కనే కూర్చుని, పేరులో ఒక్కో అక్షరం తెల్లబడుతుంటే చూసింది.

"నీళ్లకు పోతుంది కదా అన్నయ్యా?"

"పోతుందమ్మా. నేనే కడిగి ఇస్తాను."

పోటీలకు రెండు రోజులున్నాయనగా మధ్యాహ్నం వాన కొట్టింది. అలాంటిలాంటి వాన కాదు. గంటలో వీధంతా తెల్లటి నీళ్లు పారాయి. వెలిసేసరికి గోడల మీద, షట్టర్ల మీద పేర్లన్నీ కడిగిన ముఖాల్లా మెరుస్తున్నాయి. జనం బయటికొచ్చి ఒకటే నవ్వులు. మంగలి చప్పట్లు కొట్టి, "మాస్టారూ, మీ అక్షరాలు మీకన్నా మొండివండీ!" అని అరిచాడు. మాస్టారికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకముందే మునిసిపాలిటీ జీపు వచ్చి ఆగింది.

ఆఫీసరమ్మ ముఖం పాలిపోయి ఉంది. వెనకే కాంట్రాక్టరు, అతని వెనక గీకుడు మిషన్లు పట్టుకుని నలుగురు మనుషులు.

"సార్, నా ఉద్యోగం పోయేలా ఉంది. రేపు పొద్దున్న ఒప్పందం వాళ్లు చూడ్డానికొస్తున్నారు."

"రాత్రికి మళ్లీ సున్నం కొట్టేస్తానమ్మా."

"రేపూ వానేనట. సంతకం మీది. బూడిదరంగు నూనె పెయింటు తెచ్చారు. మీరు వేస్తారా, వాళ్లతో గీకించమంటారా? షట్టర్లు తుప్పు దాకా గీకేస్తారు."

నూనె మీద నూనె పడితే రెండూ ఒకటైపోతాయని మాస్టారికి తెలీక కాదు. కానీ గీకితే ఏమీ మిగలదు, కప్పితే అడుగున ఏదో ఒకటి మిగులుతుందని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కాంట్రాక్టరు డబ్బా మూత తీసి ఇచ్చాడు. కలిపే పని లేదు. భార్యకు కబురు పెట్టలేదు.

మొదటి నాలుగు షాపుల వాళ్లు తలదించుకుని పక్కకు తప్పుకున్నారు. చెల్లెమ్మ తప్పుకోలేదు. షట్టరుకు వీపు ఆనించి నిలబడింది.

"మీరు మాటిచ్చారు."

"ఇచ్చానమ్మా."

"ఆయన పేరు తప్ప నాకింకేం మిగిలిందన్నయ్యా ఇక్కడ?"

"నేను వెయ్యకపోతే సీలు వేస్తారు. బేరాలుండవు. ఎలా బతుకుతావు?"

చాలాసేపు ఆయన చేతిలోని కుంచెనే చూసింది. తర్వాత లోపలికెళ్లి ట్యూబుల తొట్టి దగ్గర అటు తిరిగి కూర్చుంది. మాస్టారు చక్రంతో మొదలుపెట్టాడు. పేరు చివరికి వచ్చేసరికి కళ్లు మసకలయ్యాయి. అయినా ఎక్కడా సందు వదల్లేదు. ఏ పనైనా శుభ్రంగా చేసే చెయ్యి, ఆ రోజు కూడా శుభ్రంగానే చేసింది. అందుకే ఆయన తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేకపోయాడు.

పోటీలు నెలరోజులు జరిగాయి. వీధికి రెండు వైపులా ఇనుప కంచెలు కట్టారు. పాసు లేనిదే ఎవరినీ రానివ్వలేదు. మంగలి కొత్త కుర్చీల్లో తనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. స్టేడియంలోంచి కేకలు మాత్రం వినబడేవి.

కంచెలు తీసిన మర్నాడే మాస్టారు రంగు కరిగించే తిన్నరు డబ్బా, పాత గుడ్డలు పట్టుకుని సైకిలు షెడ్డుకు వెళ్లాడు. గుడ్డ తడిపి, చంటిపిల్ల ముఖం తుడిచినంత మెల్లగా షట్టరు మీద రుద్దాడు. బూడిదరంగు లేచింది. దానికి అంటుకుని ఎరుపూ లేచింది. ఇంకోచోట చూశాడు. అక్కడా అంతే. మొదటి అక్షరం ఉండాల్సిన చోట ఇనుము కనబడింది, గుడ్డ నిండా గులాబీరంగు బురద.

"ఆపండి" అంది చెల్లెమ్మ.

"మళ్లీ రాస్తానమ్మా. అచ్చం అలాగే రాస్తాను."

"అది ఆయన నిలబడి రాయించుకున్న పేరు. ఇప్పుడు రాస్తే మీరు రాసింది అవుతుంది." గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి. "వెళ్లండన్నయ్యా. పనుంది నాకు."

ఆ వారమే కూల్‌డ్రింకు కంపెనీ వ్యాను ఒకటి వచ్చి, అడిగినవాళ్లకల్లా బోర్డులు ఉచితంగా బిగించి పోయింది. నిండా సీసా బొమ్మ, అడుగున వేలెడు అక్షరాల్లో షాపు పేరు. మంగలి బోర్డులో ఒక అక్షరం తప్పు పడింది. మాస్టారు ఉండబట్టలేక వెళ్లి చెప్పాడు.

"పోనిద్దురూ, ఎవరు చూస్తారు?" అన్నాడు మంగలి, కత్తెర ఆపకుండా. "ఊరికే ఇచ్చారుగా."

ఆ మాట దగ్గర మాస్టారిలో ఏదో తెగింది. ఇంటికొచ్చి కుంచెలన్నీ కడిగి పాత చీరముక్కలో చుట్టాడు. భార్య చూసింది గానీ అడగలేదు. ఎరుపు డబ్బాలు గట్టిపడిపోతుంటే వాటినీ తనే పారేసి వచ్చింది.

చెల్లెమ్మ ఆరునెలలు చూసి షెడ్డు ఖాళీ చేసి, బస్టాండు అవతల ఎవరి షాపులోనో పనికి కుదిరింది. దారిలో ఎదురుపడితే ఆగి, వదిన ఎలా ఉందని అడిగేది. జవాబు వినేలోగానే కదిలిపోయేది.

కొన్నాళ్లకు ఆ కాంట్రాక్టరే కబురు పెట్టాడు. స్టేడియం బయట కార్లు నిలిపే స్థలంలో గీతలు వెయ్యాలి, చెయ్యి నమ్మకమైన మనిషి కావాలని. మాస్టారు కాదనలేదు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని తెల్లగీతలు వేసేవాడు. తిన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, మైదానం చివరి దాకా. అన్నాల వేళ మిగతా పనివాళ్లతో ప్రహరీ నీడలో కూర్చునేవాడు.

"ఇంతకుముందు ఏం చేసేవాడివి పెద్దాయనా?" అని ఒకతను ఏదో మాట కలపడానికి అడిగాడు.

"ఇదే" అన్నాడు ఆయన. "పెయింటింగే."

అతను తలూపి మంచినీళ్ల సీసా అందించాడు. ఎండ తగ్గేలోగా ఇంకా రెండు వరసలు వెయ్యాల్సి ఉంది. మాస్టారు గోడ పట్టుకుని లేచాడు.