నీడలో ఆరాల్సిన పడవ

ఆ రోజు తప్పు నాదే. మామిడికాయలు మాగబెట్టడానికి చోటు చాల్లేదని, బావగారు ఊళ్లో లేని పూట చూసి, కారు షెడ్డులో ఆయన కడుతున్న పడవను రోహిణి కార్తె ఎండలోకి లాగించాను.

ఆయన నా భార్య అన్నగారు. కొల్లేటి లంకలో పుట్టి, చివరికి నూజివీడులో మా ఇంట చేరారు. సొంత పడవలో ఒక్కసారి పుట్టిన ఊరు వెళ్లాలని ఆయన కోరిక. ఆ ఇరుకు షెడ్డులో గోడకు వీపు రాసుకుంటూ ఇంకా పచ్చి ఆరని మామిడి చెక్క పలకలు బిగించేవారు. దూడను నిమిరినట్టు రోజూ వాటిని నిమిరేవారు.

"ఈలోగా కొల్లేరు ఎండిపోద్దేమో బావగారూ!" అని నేనంటే, "తొందరేంటి బావా, నీడలో ఆరనీ" అని నవ్వేవారు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి పలకలు నిలువునా విచ్చి ఉన్నాయి. పగుళ్ల మీద చెయ్యి వేసి, "కాయలకి చోటు సరిపోయిందా?" అని మాత్రం అడిగారు. మళ్లీ ఉలి పట్టలేదు. ఆ వానాకాలంలోనే పోయారు.

ఈ ఏడు షెడ్డులో కాయలు పెట్టలేదు. పగిలిన పలకలు తీసి కొత్తవి బిగించాను.

"పడవని అన్నయ్య ఊరికి ఎప్పుడు తీసుకెళ్తారండీ?" అని నా భార్య అడుగుతూ ఉంటుంది.

కొత్త పలకల్ని నిమిరి చూసి, "తొందరేంటి, నీడలో ఆరనీ" అంటాను.