ముందే పలికిన ఆమెన్

సంతలో బస్తాలు మోసే జెకర్యాకు నత్తి. మోతకు నోటితో పనేముంది, అందుకే ఆ పని ఎంచుకున్నాడని మా జెరూసలేం వీధిలో వేళాకోళం. నలభై ఏళ్ల మనిషి ఒక మాట మొదలుపెడితే చాలు, ఎదుటివాళ్లే దాన్ని పూర్తి చేసేసేవారు. అలా చేయనిది వాళ్లమ్మ ఒక్కతే. వంట చేస్తున్నా సరే, చేతులాపి, కొడుకు చెప్పడం అయ్యేదాకా అతని ముఖం చూస్తూ కూర్చునేది. పస్కా పండగ వెళ్లిన వారానికి ఆమె పోయింది.

మా యూదుల్లో తల్లి పోతే పదకొండు నెలలు కొడుకు మందిరంలో ముందు నిలబడి స్మరణ ప్రార్థన చెప్పాలి. వెనకున్నవాళ్లు మధ్యమధ్య ఆమెన్ అనాలి. ఇంట్లో ఏడు రోజుల దుఃఖం ముగియగానే జెకర్యా వచ్చి ముందు నిలబడ్డాడు. అరగంటలో అయ్యే ఉదయ ప్రార్థన గంట దాటింది. మూడో రోజుకల్లా అతని వాక్యం సగంలో ఉండగానే జనం ఆమెన్ అనేయడం మొదలుపెట్టారు. నేనూ అన్నాను, అబద్ధమెందుకు? మాట పూర్తి కాకముందే ఆమెన్ లాక్కుంటే ఆయుష్షు తరుగుతుందని మా పెద్దలు చెప్పింది అందరికీ కంఠతా వచ్చు. బస్సు వెళ్లిపోతుందంటే అవన్నీ ఎవరికి గుర్తుంటాయి!

జెకర్యా మాత్రం తగ్గలేదు. ఎవరు ముందే ఆమెన్ అన్నా, ఆ వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవాడు.

"ఏరా, మమ్మల్ని కూడా మీ అమ్మ దగ్గరికి పంపేదాకా వదలవా?" అని విసుక్కున్నాడు మందిరం చూసుకునే షబ్తాయ్.

"మీరు ము... ముందే అనకండి మామా. తొందరగా అయిపోద్ది."

ఇక లాభం లేదని షబ్తాయ్ ఈ తగవును గురువారం కీర్తనల పాఠంలో పెట్టాడు. ఆ వారం వాక్యం, "మొరపెట్టేవారందరికీ, నిజంగా మొరపెట్టేవారందరికీ ఆయన దగ్గరగా ఉన్నాడు" అన్నది.

పాఠం చెప్పే మొర్దెకై పండితుడు మెత్తని మనిషి. "నిజంగా అంటే నోరూ మనసూ ఒకటై అని కొందరన్నారు. ఏ జాతివాడు పిలిచినా అని ఇంకొకరు. మందిరంలో స్తంభం వెనక నిలబడి గుసగుసగా అడిగినా వింటాడు, అంత దగ్గర అని మరో పాత మాట. అందుకని నాయనా జెకర్యా, నువ్వూ స్తంభం వెనకే చెప్పుకో. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

హమ్మయ్య అనుకున్నాం. జెకర్యా లేచి నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"అంత ద... దగ్గరున్నవాడు నా మాట అయ్యేదాకా ఆగడా గురువుగారూ? మా అమ్మ ఆగేది. ఆయన మా అమ్మకంటే దూ... దూరమా?"

పండితుడు పుస్తకంలోకి చూశాడు, మావైపు చూశాడు. "నేను చెప్పింది తప్పు. రేపు నువ్వు అందరి ముందే నిలబడు."

"మరి నా బస్సో?" అన్నాడు షబ్తాయ్.

"నడిచి పో."

మర్నాడు మొదటి వాక్యంలోనే జెకర్యాకు మాట అడ్డుపడింది. వెనక ఎవడో గొంతు సవరించుకుంటే షబ్తాయే తిరిగి గుడ్లురిమాడు. అందరం నోళ్లు మూసుకుని నిలబడ్డాం. ఎట్టకేలకు చివరి మాట బయటికొచ్చింది. అప్పుడన్నాం ఆమెన్, నలభైమందిమీ ఒక్కసారిగా.

జెకర్యా బల్లమీద తల ఆన్చి ఏడ్చాడు. తల్లి పోయాక అతను ఏడవడం అదే మొదలు. అంతవరకూ మేమే అతనికి ఆ తీరిక ఇవ్వలేదు.