మా బావకు ఏమిష్టమో

మా బావ పోయాడన్న కబురు నాకు చిట్యాలలో తెలిసింది. మా చిన్నబిడ్డను ఆ ఊరికే ఇచ్చాం. పొద్దున్నే చాయ్ తాగుతుంటే జనగామ నుంచి మేనల్లుడి ఫోను. "మామా, బాపు లేస్తలేడు" అన్నాడు. చాయ్ సగంలోనే వదిలి లేచాను. చిట్యాల నుంచి పరకాల, పరకాల నుంచి హన్మకొండ, అక్కడి నుంచి జనగామ. మూడు బస్సులు మారితే మూడింట్లోనూ కిటికీ పక్కన సీటు దొరికింది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అట్లా దొరకలేదు. ఆ రోజే ఎందుకు దొరికిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మనిషి విషయంలో తెలియనివి ఇంకా చాలా ఉన్నాయని తర్వాతి ఐదు రోజుల్లో తేలింది.

బావ అంటే మా అక్క పెనిమిటి. జనగామ పాత మటన్ మార్కెట్ వెనక సందులో వంటసామాను కిరాయికిచ్చే దుకాణం ఆయనది. గంజులు, గంటెలు, నీళ్ల డ్రమ్ములు, మూకుళ్లు. పెళ్లికో పుట్టువెంట్రుకలకో గంజు కోసం వచ్చినవాళ్లు పనిలో పనిగా మూడొందల మందికి ఎంత కూర పడుతుందని అడిగేవాళ్లు. ఆయన నోటితో చెప్పి ఊరుకునేవాడు కాదు. చెప్పులేసుకుని వాళ్ల వెంట మార్కెట్‌కు నడిచేవాడు. మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి కూడా ఆయన ఎంచిన మేకే కావాలని వచ్చేవాళ్లు.

ఆ మార్కెట్ సంగతి చెప్పాలి. రాతి కమాను, లోపల ఇనుప దూలాలు, దూలాలకు కొక్కేలు, ఒక్కో దుకాణంలో నడుమ గుంటపడిన చింతమొద్దు. నైజాం కాలంలో కట్టారంటారు. అక్కడ ఎవరినడిగినా తన తాత చూస్తుండగానే కట్టారని చెబుతాడు. అందరి తాతలూ అట్లా నిలబడి చూస్తుంటే తాపీవాళ్లకు చోటెక్కడ మిగిలిందో మరి. కమాను బయట ఒకవైపు చాయ్ హోటలు, ఒకవైపు కత్తులు సానబెట్టే కొలిమి, ఆ వెనక తలకాయలు కాల్చే పొగ. నా చదువు కూడా అక్కడిదే. అంతకు ముందు మోదుగాకుల్లో కట్టిచ్చే కూర, నా పడుచుతనంలో పేపర్లలోకి మారింది. బడికి పోనివాణ్ని, ఆ పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. నెత్తురు అంటిన చోట వార్త ఆగిపోయేది. ఎన్ని సర్కార్లు కూలాయో చదివాను గానీ ఎందుకు కూలాయో తెలియలేదు.

మా బావ నన్ను ఆటపట్టించేవాడు. "బామ్మర్ది, నువ్వు పేపర్ సదువు, మేకను నేను సదువుత" అనేవాడు. మేక వెన్ను మీద బొటనవేలు పెట్టి నొక్కేవాడు, కింది పెదవి తీసి పండ్లు చూసేవాడు, రెండడుగులు నడిపించేవాడు. అంతే, చాలనేవాడు. వంటవాళ్లకు ఆయన ఎప్పుడూ చెప్పేది ఒకటుండేది. "ముక్క తక్కువైతే షేర్వ పెంచుండ్రి. మనిషిని మాత్రం తగ్గియ్యకుండ్రి." ఎవరింటి దావత్‌లోనూ కూర చాలలేదన్న మాట రాకూడదు. వస్తే అది తన గంజుకు వచ్చినట్టే.

మూడో నాడు పిట్టకు పెట్టాలి. పోయినాయనకు ఇష్టమైనవి వండి, బొందలగడ్డ దగ్గర విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాకే మనం ముట్టాలి. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిపోయినట్టు. బావకు ఏమిష్టమని పెద్దమనుషులు అడిగితే ఎవరికంటే ముందు నేనే నోరు తెరిచాను. కార్జం అన్నాను. ఆయన కార్జం పొట్లం కట్టించడం నా కళ్లతో నేను చూసినవాణ్ని. కార్జం వేపుడు పెట్టారు. కల్లు సీసా, బీడీకట్ట పెట్టారు. పొద్దు నడినెత్తికొచ్చింది. కాకులు చెట్టు మీద కూర్చుని చూశాయి గానీ ఒక్కటీ దిగలేదు. మేనల్లుడు దండం పెట్టి, అమ్మను మంచిగ చూసుకుంటనని పైకే చెప్పాడు. అయినా దిగలేదు. చివరికి విస్తరి ఆవుకు పెట్టి, ఒకరి మొహం ఒకరం చూడకుండా తిరిగొచ్చాం. ఇంట్లో ఆడవాళ్లలో ఉన్న మా అక్కకు ఆ మాట చేరింది. అప్పటి నుంచి ఆమె మెతుకు ముట్టలేదు. ఐదో నాడు మళ్లీ పెడదామని, ఈసారి ఇంటి వెనక గోడ మీద పెడదామని వరసకు మా పెదనాయిన తేల్చాడు.

తప్పు నాది. అందుకని నాలుగో నాడు మార్కెట్‌కు నడిచాను. ఆయన లేకుండా ఆ కమాను దాటడం అదే మొదలు. నలభై ఏళ్లు ఆయన వెనక నడిచినవాణ్ని, ఏ దుకాణం ఎటో తెలియక రెండుసార్లు తలకాయల పొగలోకి పోయి వెనక్కొచ్చాను.

మొదటి దుకాణాయన కార్జం మాట నిజమేనన్నాడు. కాకపోతే అది ఆయన తినడానికి కాదట. సందులో ఎవరి బిడ్డకు రక్తం తక్కువని దవాఖానలో చెబితే వాళ్లింటికి పంపేవాడట. ఆయన ఇష్టపడేది బోటి అని అతని లెక్క. నడుమ దుకాణంలోని ముసలి భాయ్ ఆ మాట విని కత్తి పక్కన పెట్టాడు. బోటి చాయ్ హోటలాయన తల్లి కోసమట, ఆమె చనిపోయాక మళ్లీ అడగలేదట. మెడముక్కలే ఇష్టమేమో అని తనే అన్నాడు, కొంచెమాగి అవి కూడా ఎవరికోసమో అన్నాడు. నాకు పరేషాన్ మొదలైంది. బయట తలకాయలు కాల్చే అవ్వ దగ్గర కూర్చున్నాను. మంటలోంచి ఒక కాలు తీసి గీకుతూ ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నలభై ఏండ్ల సంది ఆయన తోకపట్టుకుని తిరిగినవ్. ఆయన ఏం తినేదో నువ్వు నన్నడుగవడితివా?"

"యాదికస్తలేదవ్వా."

"యాదికచ్చుడు కాదు. సూడలే నువ్వు."

ఆ మాట నిజమే. ఆయన ఎంచడం చూశాను, పంచడం చూశాను, నవ్వడం చూశాను. నోట్లో ముద్ద పెట్టుకోవడం ఒక్కటి కళ్ల ముందుకు రావడం లేదు. ఇన్ని దావత్‌లు తిరిగాం కదా, నేను కడుపునిండా తిని ఎక్కడ పడుకున్నానో గుర్తుంది, ఆ టైంలో ఆయన ఎక్కడున్నాడో గుర్తులేదు. ఏం చేయాలో తోచక అన్నీ కొన్నాను. కార్జం, బోటి, మెడముక్కలు, తలకాయ, నాలుగు కాళ్లు. సంచి మోయలేక రిక్షా ఎక్కాను.

ఐదో నాడు పొద్దున అన్నీ వండించాం. ఆయన దుకాణంలోని గంజులోనే కూర వండారు. గోడ మీద పెద్ద విస్తరి, విస్తరినిండా నేను తెచ్చినవి. పదిహేను మందిమి చేతులు కట్టుకుని నిలబడ్డాం. కాకులు వచ్చాయి. రేకుల కొట్టం మీద వరసగా కూర్చున్నాయి. అంతే.

ఎండ ఎక్కుతుంటే మా అక్క లోపలి నుంచి వచ్చింది. గోడ మీద విస్తరిని చూసింది, నన్ను చూసింది.

"గియన్ని ఎవలికి తమ్మీ?"

"బావకేనక్కా. ఏమిష్టమో తెల్వక అన్ని తెచ్చిన."

"నన్ను అడిగినవా మరి?"

అడగలేదు. మార్కెట్ అంతా అడిగాను, ఇంట్లో ఉన్న మా అక్కను అడగలేదు. నేనే కాదు, పెద్దమనుషులు ఎవరూ అడగలేదు.

"ఆయన ఏనాడన్న మందికంటె ముందు తిన్నడా? దావత్ల గంజు ఖాళీ అయ్యేదాక గంజు పక్కనే నిలబడేది. ఆఖరుకు అడుగుల ఉన్నది గీకి తినేది. ఇంట్ల గూడ గంతే. మేమందరం తిని లేసినంకనే కూసునేది. మీరేమో తినక, ఆయన మొకమే చూసుకుంట నిలబడితిరి. గిట్లయితే ఆయన ఎట్ల తింటడు?"

పెదనాయిన గొంతు సవరించుకుని, పిట్ట ముట్టక ముందు మనం ముట్టడం రివాజు కాదన్నాడు.

"ఆయన రివాజు తోటే గిన్నేండ్లు కాపురం చేసిన పెదనాయినా" అని మా అక్క కంచం తీసుకుంది. కింద కూర్చుని అన్నంలో కూర కలిపింది. రెండు రోజులుగా ఏమీ తినని మనిషి, మొదటి ముద్ద మింగడానికి కష్టపడింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత మేనల్లుడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. పెదనాయిన చాలాసేపు నిలబడి, ఆఖరుకు తువ్వాల పరుచుకుని నాకు ఎదురుగా కూర్చుని, కాళ్ల షేర్వ రెండుసార్లు పోయించుకున్నాడు. తినేటప్పుడు ఎవరం గోడ వైపు చూడలేదు. చూడొద్దని ఎవరూ చెప్పలేదు గానీ చూడలేదు.

అందరం చేతులు కడుక్కున్నాక అక్క గంటె తీసుకుని గంజు అడుగు గీకింది. ఇంత షేర్వ, ఒక బొక్క, మాడిన మసాలా. చిన్న డొప్పలో పోసి పెద్ద విస్తరి పక్కన పెట్టి వచ్చింది.

రేకుల మీది నుంచి ఒక కాకి దిగింది. కార్జం పక్క నుంచి నడిచింది, బోటి పక్క నుంచి నడిచింది. డొప్పలో ముక్కు ముంచింది. మింగడానికి ప్రతిసారీ తల పైకెత్తింది. ఏమనుకోవాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కాకికి ఆకలేసి ఉండొచ్చు, మనుషులు కూర్చుంటే దానికి ధైర్యం వచ్చి ఉండొచ్చు. మా అక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

డొప్ప అయిపోయాక కాకి ముక్కును గోడ రాయికి అటొకసారి, ఇటొకసారి తుడుచుకుంది. ఎగిరిపోతుందనుకున్నాం. ఎగిరి, పెరట్లో ఉన్న గంజు అంచు మీద వాలి, మెడ వంచి లోపలికి చూసింది.