సుంకప్ప మామ షార్ట్ చేసిన ఆరు మూటలు

రాప్తాడు దగ్గర మా ఊళ్లో వాన చూసి మొహం వేలాడేసిన మనిషి ఒక్కడే, సుంకప్ప మామ. గుంతకల్లులో రైల్వే గార్డుగా రిటైరై వచ్చాక ఆయనకు తెలియని విషయమంటూ లేదు. సగం తెలిసినవే ఎక్కువ.

జూన్‌లో బెంగళూరు నుంచి వచ్చిన మేనల్లుడు హర్ష ఫోను చూపించి, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌ను షార్ట్ చేస్తున్నానన్నాడు.

"అంటే ఏమప్పా?"

"ఆ ఫండు యూనిట్లు బ్రోకరు దగ్గర అప్పు తీసుకుని అమ్మేస్తా మామా. ధర పడినాక అన్నే కొని తిరిగిచ్చేస్తా. మిగిలిన దుడ్లు నావి."

"ధర పెరిగితే?"

"పెరగదులే మామా."

ఆ మాటతో మామ పడిపోయాడు. పక్కింటి చెన్నమ్మ విత్తనానికి దాచుకున్న ఆరు మూటల వేరుశనక్కాయలు అప్పడిగాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. వాన రాకపోతే విత్తనం ధర పడక ఏమవుతుందని ఆయన లెక్క.

"వాన పడి నేల పదునైన రోజు నా కాయ నా ఇంట్లో ఉండల్లన్నా" అంది చెన్నమ్మ.

"ఉంటాదిలేమ్మా. పైన అర మూట ఎక్కువిస్తా."

రాప్తాడు వ్యాపారి మారెప్పకు మూట మూడు వేల లెక్కన అమ్మేసి, మామ వారం రోజులు టీ అంగట్లో ఈటీఎఫ్ పాఠం చెప్పాడు.

ఎనిమిదో రోజు వాన దంచికొట్టింది. ఊరంతా వీధిలో తడుస్తూ నవ్వుతుంటే, మామ అరుగు మీద గొడుగేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి మూట నాలుగున్నర వేలు!

చెన్నమ్మ కొంగు పిండుకుంటూ వచ్చింది. "ఏమన్నా, నా కాయ యాడుండాది? రేపు విత్తేదానికి గొర్రు కట్టల్ల."

"రేటు కొంచెం పడనీ చెన్నమ్మా..."

"నీ రేటు పడేదంకా నేలలో తేమ కాసుకోనుంటాదా?"

మామ ఆటో పిలిచి రాప్తాడు పోయాడు. మారెప్ప నవ్వకుండా ఆరున్నర మూటలు ఎక్కించాడు. ఆరింటి మూతులకు చెన్నమ్మ కట్టిన ఎర్ర చీర పేలికలు అలాగే ఉన్నాయి. మారెప్ప అంగడి దాటని ఆ కాయకు మామ చేతి నుంచి పోయింది పదకొండు వేల చిల్లర.

మర్నాడు చెన్నమ్మ చేనులో మామే మూటలు మోస్తుండగా హర్ష ఫోను చేశాడు.

"మామా, ఎంత మిగిలినాది?"

"నీ యూనిట్లు ముందు తిరిగిచ్చెయ్యప్పా. మిగిలింది ఆనక చెప్తా."

హర్షకు మామ నష్టం సంగతి ఎవరు మోశారో గానీ, ఆ రోజే కొని తిరిగిచ్చేశాడు.

గొర్రు వెనక నుంచి చెన్నమ్మ కేకేసింది. "అన్నా, వచ్చే ఏడు వాన ఆలస్యమైతే మళ్లీ నీకే అప్పిస్తా!"