మూడో రొట్టె

హైటెక్ సిటీలోని మా ఆఫీసు నుంచి అమెరికాకు ఉత్తరం క్షణంలో వెళ్ళేది. చందానగర్‌లో మా అద్దె ఇంటికి మాత్రం కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ మేం ఇంట్లో లేనప్పుడు.

ఆ నీళ్ళు మా కోసం పట్టి ఉంచేది కింది వాటాలోని ఇంటి ఓనరమ్మ. బిందెలతో పాటు జొన్నరొట్టెలు కూడా ఇచ్చేది, ఎప్పుడూ మూడే. ఉండేది మేమిద్దరమే. మొదటిసారి మా ఆవిడ, "మూడోది ఎవరికండీ?" అని అడిగింది.

"వచ్చేటోళ్లకు. ఉండనీ బిడ్డా," అని ఓనరమ్మ మా ఆవిడ కడుపు వైపు చూసింది.

అప్పటికి మాకు పెళ్ళయి ఐదేళ్ళు. పిల్లల కోసం తిరగని ఆసుపత్రి లేదు. మా ఆవిడ మూడో రొట్టె మీద పళ్ళెం బోర్లించి మర్నాటి దాకా ఉంచేది. తర్వాత చెరిసగం తినేవాళ్ళం. మొదట్లో నేను నమ్మకంతో తినేవాణ్ణి, తర్వాత్తర్వాత ఆకలితో.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తప్పులు చేస్తాయని అమెరికాకు భయం పట్టుకుంది. ఆ భయం పుణ్యమా అని నాకు వీసా వచ్చింది, నా వెంట మా ఆవిడకూ. ఇక పిల్లలెప్పుడని అడిగే చుట్టాలకు జవాబు చెప్పే పని లేదనుకున్నాం.

బయల్దేరే పొద్దున ఓనరమ్మ రొట్టెల మూట తెచ్చింది. మా ఆవిడ విప్పింది. రెండే ఉన్నాయి. గుడ్డ మడతల్లో ఇంకోసారి వెతికింది. నేను పెట్టె తాళం పరీక్షించే పనిలో పడ్డాను.

"మూడోది మర్చిపోయారాండీ?"

ఓనరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"గంత దూరం ఇగ ఎవరొస్తరు బిడ్డా."