దానయ్య మామ మార్కులు

2022 డిసెంబరు. పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో నా రిపేరు కొట్టుకి అప్పటికి పదకొండేళ్లు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, చెవిలో పెట్టుకునేవి, చేతికి కట్టుకునేవి, ఏది కొత్తగా వచ్చినా ముందు నేను విప్పి చూడాలి. అది నా జబ్బు. ఓడలో రావాల్సిన పార్సిల్ ఆలస్యమైతే నాకు అన్నం సహించదు. "నువ్వు కొట్టు పెట్టింది కస్టమర్ల కోసమా, నీ ఆటకోసమా?" అంటారు మా ఆయన. రెంటికీ అని చెప్తాను.

నాకు ఇంకో అలవాటు కూడా ఉంది. సముద్రం అడుగున కేబుల్ రాకముందు మా దీవుల్లో నెట్ ఎలా ఉండేదో మెయిన్‌ల్యాండ్ వాళ్లకి చెప్పినా నమ్మరు. ఒక ఫొటో పంపమని నొక్కి, బియ్యం కడిగి ఎసట్లో పోసి వచ్చినా అది ఇంకా వెళ్తూనే ఉండేది. ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లో మన సామాను దాచుకునే క్లౌడ్ బ్యాకప్ ఊసే మాకు లేదు. అందుకే ఏ పరికరం నా బల్ల మీదికి వచ్చినా, స్క్రూ ముట్టుకోకముందే లోపల ఉన్నదంతా నా హార్డ్ డిస్కులోకి కాపీ చేసేస్తాను. పనికొచ్చేదా రానిదా అని చూడను. నెట్ బాగుపడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు. కాపీ చేసింది ఏనాడూ చెరపలేదు కూడా.

ఆ డిసెంబరులో కుమారి వచ్చింది. జెట్టీ దగ్గర చేపలమ్మే మనిషి, గొంతు పెద్దది. ఆమె వెనక భర్త నూకరాజు ఓ అట్టపెట్టె ఎత్తుకుని వచ్చాడు. నూకరాజు వాళ్ల నాన్న దానయ్యకి ఆగస్టులో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. నలభై ఏళ్లు డుంగీ నడిపిన మనిషి ఆయన. డుంగీ అంటే మా దగ్గర ఇంజిన్ పెట్టిన చేపల పడవ. నూకరాజు అంతవరకు దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజిన్ రూములో పనిచేసేవాడు. తండ్రి మంచాన పడ్డాక ఆ పని మానేసి డుంగీ అందుకున్నాడు.

అట్టపెట్టెలో ఉన్నది చార్ట్‌ప్లాటర్. సముద్రపు పటం, మన పడవ ఎక్కడుందో, దాని కింద నీళ్లు ఎంత లోతో, అడుగున రాయి ఉందో బురద ఉందో అన్నీ ఒకే తెర మీద చూపిస్తుంది. వేలితో తాకితే కదులుతుంది. నేను అంతవరకు వీడియోల్లోనే చూశాను. పెట్టె విప్పుతుంటే నా చేతులు ఆగలేదంటే నమ్మండి. ఎండలో కూడా తెర ఎంతో స్పష్టంగా ఉంది, తడి వేళ్లతో తాకినా పలికింది.

"దీదీ, తర్వాత ఆడుకుందువు గానీ, ముందు ఇది సూడు," అని కుమారి గుడ్డసంచీలోంచి ఇంకో వస్తువు తీసింది. దానయ్య మామ పాత జీపీఎస్, చేతిలో పట్టుకునేది. ఉప్పుకి బటన్లు తుప్పట్టాయి, తెర సగం నల్లబడింది. "మావ మార్కులన్నీ ఇందులోనే ఉన్నాయి. అవి కొత్తదాంట్లోకి రావాల. అవి లేకపోతే మాకు సముద్రం ఉండీ లేనట్టే."

మార్కు అంటే జీపీఎస్ వాడే మాటలో వేపాయింట్. సముద్రంలో ఒక చోటుకి అంకెల్లో రాసుకున్న చిరునామా. నీటి అడుగున ఎక్కడ రాతిబండ ఉందో, ఏ బండ దగ్గర కోకారి చేప కూడుతుందో పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. దానయ్య మామ ఒక్కో బండనీ వెతికి పట్టుకుని, ఒక్కో మార్కు వేసుకున్నాడు. అవి నూట ఎనభై ఏడు ఉన్నాయి.

పాత జీపీఎస్ సాకెట్‌ని స్పిరిట్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రెండు రోజులు శుభ్రం చేస్తే గానీ కేబుల్ పలకలేదు. నా పద్ధతి ప్రకారం అన్నీ నా హార్డ్ డిస్కులోకి లాగాను. మార్కులతో పాటు ట్రాకులు కూడా వచ్చాయి. పడవ వెళ్లిన దారంతా జీపీఎస్ తనంతట తాను గీసుకునే గీతని ట్రాక్ అంటారు. అవి చిక్కుపడ్డ దారపు ఉండల్లా ఉన్నాయి. కొత్త తెర మీద ఈ చెత్త ఎందుకని వదిలేసి, మార్కులు మాత్రం మెమరీ కార్డు మీద ఎక్కించాను. అంకె అంకె సరిచూశాను. అది చాలదని చార్ట్‌ప్లాటర్ పట్టుకుని జెట్టీకి వెళ్లాను. అక్కడ దానయ్య మామ 'ఇల్లు' అని వేసుకున్న మార్కు ఒకటుంది. సరిగ్గా డుంగీ కట్టే చోటే చూపించింది. ఇంక నన్ను పట్టుకునేవాళ్లెవరు!

ఇంటికి వెళ్లి దానయ్య మామకి కూడా చూపించాను. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. తెర మీద ఆయన మార్కులన్నీ మెరుస్తున్నాయి. అందరి ఎదుటా, పక్కింటివాళ్లు తొంగిచూస్తున్నా, ఆయన ఏమీ అనుకోలేదు. నా మీద ఎంత నమ్మకమో అని పొంగిపోయాను. కాసేపటికి మాత్రం బాగున్న ఎడమ చెయ్యి ఎత్తి, తెర ముందు కుడినుంచి ఎడమకి తోశాడు. మళ్లీ తోశాడు.

"తీసీమంటన్నాడు," అంది కుమారి. "అలిసిపోనాడు మావ."

తీసేశాను.

పన్నెండు రోజుల తర్వాత కుమారి కొట్టుకి వచ్చింది. కొట్టులో అప్పటికే నలుగురున్నారు. చార్ట్‌ప్లాటర్‌ని నా బల్ల మీద టక్కున పెట్టింది.

"ఏటి దీదీ ఇది? నాలుగు తూర్లు ఎల్లినాడు నా మొగుడు. ఒక్క మార్కు మీదా ఒక్క రాయి లేదు. కింద అంతా బురదే! నీ డబ్బానే సూపిస్తంది బురదని. మా మావ ఎప్పుడైనా ఖాళీ డుంగీతో వచ్చినాడా?"

"కుమారీ, అంకెలన్నీ నేను సరిచూశాను. జెట్టీ మార్కు నువ్వు కూడా చూశావుగా?"

"జెట్టీలో కోకారి దొరుకుద్దేటి?" కొట్టులో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించింది, దానికి ఇంకా భయమేసింది. "సచ్ బోలో దీదీ. అసలు మార్కులు ఎవులికి ఇచ్చీసినావు? మాకు ఉత్తుత్తివి ఎక్కించి పంపినావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లలో ఒక్కరి ఫొటో బయటికి పోనివ్వలేదు నేను. కానీ ఆమె కళ్లు చూశాక కోపం నిలవలేదు. డుంగీ మీద పనిచేసే ఇద్దరూ వేరే పడవకి వెళ్లిపోతామంటున్నారట. ఈ ఆదివారం లోపు చేప పడకపోతే డుంగీ అమ్మేసి, నూకరాజు మళ్లీ ఓడ ఎక్కుతాడట. ఆ మాట మంచం మీదున్న మనిషికి ఇంకా చెప్పలేదట.

"నాకు రెండు రోజులియ్యి," అన్నాను. "రెండు రోజుల్లో తేల్చకపోతే నువ్వు ఈ కొట్టు ముందే నిలబడి నన్ను దొంగ అను."

"అంటాను దీదీ," అంది. అనే మనిషే.

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి కూర్చున్నాను. నేను ఫెరార్‌గంజ్‌లో కూరగాయలు పండించే వాళ్ల బిడ్డని. సముద్రం నాకు జెట్టీ వరకే తెలుసు. పరికరం మాత్రం బాగా తెలుసు, అందుకని దాన్నే అడిగాను. యంత్రం తప్పు చేస్తే అన్ని మార్కులూ తప్పు కావాలి. జెట్టీ మార్కు సరిగ్గా ఉందంటే యంత్రం తప్పు కాదు. మరి మిగతా నూట ఎనభై ఆరు మార్కులూ ఎవరి తప్పు?

అప్పుడు గుర్తొచ్చింది నేను చెత్త అని వదిలేసిన ట్రాకుల సంగతి. పాత జీపీఎస్ అయితే అప్పటికే పోయింది. ఇంక పనికిరాదని నేనే చెబితే కుమారి పాత ఇనుము వాడికి ఇచ్చేసింది. కానీ నా హార్డ్ డిస్కులో కాపీ ఉంది! నెట్ లేని రోజుల అలవాటుకి ఆ క్షణాన మనసులో దండం పెట్టుకున్నాను.

ట్రాకులని పటం మీద పరిచి, పైన మార్కులు పరిచాను. వింత ఏమిటంటే, జెట్టీ మార్కు తప్ప పడవ ఏ మార్కు మీదికీ వెళ్లలేదు. ఒక్కదాని మీదికి కూడా. దానయ్య మామ తన మార్కుల దగ్గరికి తానే వెళ్లలేదు! గీత సాఫీగా వచ్చి, ఒకచోట చిక్కుపడి, మళ్లీ సాఫీగా ఇంటికి పోయేది. చిక్కు పడిందంటే పడవ అక్కడే అటూ ఇటూ తిరుగుతూ ఆగిందన్నమాట. ఆగిందంటే చేప పడుతున్నారన్నమాట. ఒక్కో చిక్కు పక్కనా ఒక్కో మార్కు ఉంది. ప్రతిసారీ కుడివైపే, ప్రతిసారీ అంతే దూరంలో.

స్కేలు పెట్టి కొలిచాను. ఆ మార్కులన్నీ అసలు చోటు నుంచి తూర్పుకి ఒక నిమిషం జరిగి ఉన్నాయి. పటం లెక్కలో నిమిషమంటే మా సముద్రంలో దాదాపు ఓ మైలు. యంత్రం అలా జరపదు. మనిషే ఒక్కొక్క మార్కునీ తెరిచి, అంకె మార్చి, మళ్లీ దాచాడు. జీపీఎస్ ఎవరైనా ఎత్తుకుపోయినా బురదే దొరకాలని! తాను మాత్రం తెర మీద మార్కు చూసుకుని, మనసులో ఓ మైలు ఎడమకి జరిపి వెళ్లేవాడు. పక్కన పనిచేసేవాళ్లకి కూడా చెప్పలేదు. ఓడలో ఉన్న కొడుక్కి చెప్పే అవసరమే రాలేదు. చెప్పాల్సి వచ్చేసరికి నోరు పోయింది.

ఆ ఎడమ చెయ్యి గుర్తొచ్చి కుర్చీలోంచి లేచిపోయాను. ఆయన తీసెయ్యమనలేదు. జరపమన్నాడు. అయ్యో, మనిషి చెప్తూనే ఉన్నాడు, మేమే వినలేదు! కొట్టులో ఒక్కదాన్నే ఉండి ఏడ్చాను, నవ్వాను కూడా.

మర్నాడు పొద్దున్నే 'ఇల్లు' తప్ప మార్కులన్నిటినీ ఎడమకి జరిపిన కొత్త కార్డు చార్ట్‌ప్లాటర్‌లో పెట్టి వాళ్లింటికి వెళ్లాను. కుమారి తలుపు తీసి పలకరించలేదు. నూకరాజు, ఇద్దరు పనివాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. పక్కింటి ఆవిడ ఎప్పటిలాగే కిటికీలోంచి తొంగిచూస్తోంది. తెర దానయ్య మామ ఒళ్లో పెట్టి మీట నొక్కాను.

ఆయన తెర వైపు వంగి చూశాడు. ఒక మార్కు మీద వేలు పెట్టాడు, ఇంకోదాని మీద పెట్టాడు. తర్వాత గబుక్కున అరచెయ్యి చాపి తెరంతా కప్పేశాడు! గుమ్మంలో ఉన్నవాళ్ల వైపు, కిటికీ వైపు, ఆఖరికి నా వైపు కూడా గుర్రుగా చూశాడు.

"మావా, ఏటయినాది?" అని కుమారి కంగారుపడింది.

"ఏమీ అవలేదు," అన్నాను. "ఉత్తుత్తివి అందరూ చూస్తున్నా ఊరుకున్నాడు. ఇప్పుడు దాస్తున్నాడంటే ఇవి అసలువి."

నూకరాజు తండ్రి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. దానయ్య మామ మిగతా అందరినీ బయటికి పొమ్మని గడ్డంతో సైగ చేశాడు. మేం వెళ్లాక గానీ చెయ్యి తీయలేదట.

శనివారం కుమారి కొట్టుకి వచ్చింది. నా చేతిలో పెద్ద కోకారి చేప పెట్టింది, ఇంకా మొప్పలు ఎర్రగా ఉన్నాయి. "మొదటి మార్కులోనే రాయి తగిలింది దీదీ. నూకరాజు అక్కడే ఏడ్చీసినాడట." తర్వాత కొట్టులో ఉన్నవాళ్లందరికీ వినపడేలా, "మా దీదీ లాంటి మనిషి ఈ ఐలాండ్లలోనే లేదు," అంది. దొంగ అంటానన్న గొంతుతోనే అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు, ఇవ్వలేరు కూడా.

ఒక షరతు మాత్రం పెట్టింది. మామ సైగలతో చెప్పి పంపిన కబురట. నా కంప్యూటర్లో ఉన్నవి చెరిపెయ్యాలి. పదకొండేళ్లలో ఏ కస్టమరు కాపీనీ చెరపని దాన్ని, ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ట్రాకులు, సరిచేసిన మార్కులు రెండూ ఆయన కళ్ల ముందే తీసేశాను. ఉత్తుత్తి మార్కుల ఫైలు మీద వేలు పెట్టి, ఇది కూడానా అని అడిగాను. దానయ్య మామ తల అడ్డంగా ఊపి, సగం నోటితో నవ్వాడు. అది అలాగే ఉండనిమ్మన్నాడు.

ఇన్ని పరికరాలు విప్పాను, ఇన్ని సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నాను. కొత్తది చేతికొస్తే ఇప్పటికీ నాకు పండగే. కానీ ఆ రోజు నుంచి ఏ పాత వస్తువు బల్ల మీదికి వచ్చినా, అందులో ఏముందో చూసి ఊరుకోను. దాన్ని వాడిన మనిషి ఎలా వాడాడో అడుగుతాను. నోరు లేకపోతే చేతి వైపు చూస్తాను. ఆ ఫైలు ఇప్పటికీ నా హార్డ్ డిస్కులో భద్రంగా ఉంది. ఎవరైనా వచ్చి కాపీ చేసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

ఎడమకి ఒక నిమిషం జరుపుకుంటే సరి అని ఇది చదివిన ఏ డుంగీ యజమానైనా అనుకుంటే, పాపం, వాళ్లకి కూడా బురదే దొరుకుతుంది. అసలు జరపాల్సింది ఎటు వైపో, ఎంత దూరమో, దానయ్య మామ దగ్గర పని నేర్చుకున్నదాన్ని, నిజం ఇక్కడ రాస్తానా?